ముప్పై చోట్ల ఒకే ఆవిడ

"కాలినడక" అమ్మగారికి,

అందరి పటం సంఘం తరఫున తనిఖీదారు నమస్కారాలు.

అమ్మా, మళ్ళీ వచ్చారా! పొద్దున పటం తెరవగానే మీ పేరు కనబడింది. ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచాను. లేచాక ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను. జనమే గీసి జనమే దిద్దుకునే మన పటంలో మీ అంత ఓపికగా గీసేవాళ్ళు నాకు తెలిసి ఇంకొకరు లేరు. వారానికి నాలుగైదు గీసేవారు: ఒక కుళాయి, ఒక బెంచీ, నీడ ఉన్న ఒక మలుపు. కాలికి తగిలినవే గీస్తారు కాబట్టి కాబోలు, "కాలినడక" అని పేరు పెట్టుకున్నారు. అలాంటివారు ఎనిమిది నెలలుగా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇప్పుడు వచ్చీ రాగానే ఒక్క గంటలో రెండు వీధులు, బస్టాండు, ఆసుపత్రి, ఆటస్థలం! ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారే కుమ్మరిస్తున్నారా?

ఇక్కడ మేమంతా సొంత పనులు చూసుకుంటూ తీరికలో పటం దిద్దేవాళ్ళం. మీ వేగం చూసి మాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఆ కిటుకేదో మాకూ చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
సంతోషంతో ఊగిపోతున్న
తనిఖీదారు

తా.క.: ఒక చిన్న సందేహం. నిన్న మీరు బడి ప్రహరీని ఉత్తరం వైపు కడుతూ, అదే నిమిషంలో దక్షిణం వైపు పడగొడుతున్నారు. ముందు మీలో మీరు ఒక మాట మీదికి రండి. తరవాత మేం ఒప్పుకుంటాం.

* * *

తనిఖీదారు గారికి,

నమస్కారం.

మీ ఉత్తరం మా ఆవిడ మెయిల్‌కు వచ్చింది. తెరిచింది నేను. ఆమె భర్తను. కాలేజీలో భూగోళం చెబుతాను.

ఆమె జవాబు రాయలేరు. గీయడం కూడా ఆగిపోయింది. మీ లెక్కల్లో ఎక్కడో పొరపాటు జరిగింది.

మీ పటంతో నాకూ పని పడింది. ఈ నెల నుంచి పటాలు గీయడం ఒక పాఠంగా పెట్టాను. వాడే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. కొనక్కర్లేదు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ముప్పై మంది పిల్లలు. గంట కొట్టినా లేవడం లేదు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గారు క్లాసుకు వస్తున్నారు. పిల్లలు గీసిన ఊరి పటం మీ పటంలో కనబడితే పాఠం ఉంటుంది. కనబడకపోతే ల్యాబు టైపింగు క్లాసుకు పోతుంది. నేను మళ్ళీ సుద్దముక్కతో నదులు గీసుకోవాలి. నాకు ఆ ల్యాబు కావాలి. పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటు ఉంది.

ఇట్లు,
భూగోళం లెక్చరర్

తా.క.: పిల్లలు వారంగా గీస్తున్నారు. మీ పటంలో వాళ్ళలో ఒక్కరి పేరూ కనబడటం లేదు. దయచేసి చూడండి.

* * *

మాస్టారికి,

నమస్కారం అమ్మగారికి. మీకు మామూలు పలకరింపు.

ఆవిడకు వచ్చిన ఉత్తరం మీరు తెరుస్తారు. ఆవిడ తరఫున మీరు జవాబిస్తారు. "ఆమె రాయలేరు" అంటారు. ఎందుకు రాయలేరండీ? ముప్పై మంది పిల్లలు గీస్తున్నారట, ఒక్కరి పేరూ కనబడదట! ఎలా కనబడుతుంది? మీ ఊళ్ళో ప్రతి ఇల్లూ, ప్రతి సందూ గీస్తున్నది "కాలినడక" ఒక్కరే. చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చున్నానని అనుకోకండి. నాకు అర్థమైపోయింది. ముప్పై మంది పిల్లల పని ఇంట్లో ఆవిడ చేత చేయించి, శుక్రవారం ప్రిన్సిపాల్ గారి ముందు మీరు శాలువా కప్పించుకుంటారు!

అందుకని నా చేతిలో ఉన్న పని నేను చేశాను. "కాలినడక" పేరుకు తాళం వేశాను. ఇక ఆ పేరుతో పటం తెరిస్తే, విశ్రాంతి తీసుకోమన్న నా మాటే కనబడుతుంది. ఈ వారం గీసినదంతా తనిఖీ అయ్యేదాకా పక్కన పెట్టాను. పటంలో ఎవరికీ కనబడదు. అమ్మగారు సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాస్తే ఆ క్షణమే తాళం తీస్తాను. ఆ పాటి విశ్రాంతైనా ఆవిడకు దక్కనీయండి.

ఇట్లు,
కళ్ళు తెరుచుకున్న
తనిఖీదారు

తా.క.: నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ కూడా ఆవిడ ఒక వీధి వీధంతా గీశారు. మనిషిని తిననిస్తున్నారా, లేదా?

* * *

తనిఖీదారు గారికి,

నమస్కారం.

ఈ రోజు క్లాసులో ముప్పై తెరల మీద ఒకేసారి ఒకే మాట వచ్చింది: "అమ్మా, దయచేసి విశ్రాంతి తీసుకోండి." పిల్లలు లేచి నిలబడ్డారు. "సార్, అమ్మ ఎవరు?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. అప్పుడు నాకు అర్థమైంది. పొరపాటు మీది కాదు. నాది.

మా ల్యాబు కంప్యూటర్లు పాతవి. పటాల సాఫ్ట్‌వేర్‌ను మోయలేవు. కొత్తది ఒక్కటే, పెద్ద సర్వరు. దాని కడుపులోనే ముప్పై కంప్యూటర్లు నడుస్తాయి. చేతికి తగలవు. వర్చువల్ మెషీన్లు అంటారు. పిల్లల ముందున్న పాత పెట్టెలు వాటికి కిటికీలు మాత్రమే. ఒక కంప్యూటరును పూర్తిగా సిద్ధం చేస్తే, దాని అచ్చు ఎన్ని కావాలంటే అన్ని తీయవచ్చు. ఆ పని మా బావమరిది చేసిపెట్టాడు. అన్నీ సిద్ధంగా ఉన్న కంప్యూటరు ఒకటివ్వు బావా అన్నాడు. ఇంట్లో మా ఆవిడది ఉంది. ఇచ్చాను.

అందులో ఆమె పేరు ఉంది. తీసేయాలని తోచలేదు. పిల్లలు ఏం గీసినా ఆమె పేరునే మీకు చేరింది. ప్రహరీ కట్టినవాడు రెండో వరస. పడగొట్టినవాడు అతని స్నేహితుడు. ఇద్దరికీ చెప్పాను.

ఆమె నాలుగు ముక్కలు రాయలేరు. పిల్లలు గీసింది వదలండి. శుక్రవారం దగ్గర పడింది.

ఇట్లు,
భూగోళం లెక్చరర్

తా.క.: ఆ కంప్యూటరులో ఆమె నా కోసం ఒక గుర్తు పెట్టుకున్నారు. అది కూడా ముప్పై అచ్చుల్లో పడింది. పదకొండింటికి ముప్పై గంటలు మోగుతాయి. ముప్పై తెరల మీద "మాత్ర వేసుకున్నారా?" అని వస్తుంది. తీసేస్తే పోదు. పిల్లలు ఏం పాడుచేసినా మర్నాటికి బాగుపడాలని, సాయంత్రం మెషీన్లన్నీ మొదటి స్థితికి వెళ్ళేలా బావమరిది పెట్టాడు. పొద్దునకి మళ్ళీ కొత్తగా అడుగుతుంది. ఇప్పుడు పిల్లలు వరండాలో ఎదురైనా అదే అడుగుతున్నారు. విననట్టు వెళ్ళిపోతున్నాను.

* * *

మాస్టారూ,

నమస్కారం. ఈసారి ఇద్దరికీ.

కంప్యూటరు కడుపులో కంప్యూటర్లు! చదివి నవ్వలేక చచ్చాను. ఒక్క దీపంతో ముప్పై దీపాలు వెలిగించారు, ముప్పై ఇళ్ళకీ ఒకే ఇంటి పేరు పెట్టారు. మిమ్మల్ని అనుమానించినందుకు చెంపలేసుకుంటున్నాను.

కానీ "ఆమె రాయలేరు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. రాయలేకపోవడం కాదు మాస్టారూ, రాయనంటున్నారు. నా మీద కోపం తగ్గలేదు. మీ దగ్గర దాచారేమో, నేనే చెబుతాను. మీ కూరగాయల మార్కెట్టు వెనక మెట్లున్నాయని ఆవిడ గీశారు. పైనుంచి తీసిన ఫొటోలో రేకుల షెడ్లే తప్ప మెట్లు లేవు. చెరిపేశాను. ఆవిడ మళ్ళీ గీశారు. నేను మళ్ళీ చెరిపేశాను. ఇలా ఏడెనిమిది సార్లు! చివరిసారి ఆవిడ "రబ్బరు గారూ, ఆకాశంలోంచి దిగి ఒకసారి నేల మీద నడవండి" అని రాశారు. నాకు రోషం వచ్చి అదీ చెరిపేశాను. అంతే, ఆవిడ పటం మొహం చూడటం మానేశారు. మా సంఘం మంచి మనిషిని నా మొండితనంతో పోగొట్టుకుంది. ఎనిమిది నెలలుగా ఇది నన్ను ముల్లులా గుచ్చుతోంది.

అందుకని నేనే దిగి వస్తున్నాను. శుక్రవారం పొద్దున బస్సుకి. ఆ పేరు ఎవరిదో వాళ్ళ మాట లేనిదే తాళం తీయకూడదని మా నియమం. ఆవిడ చేత ఆ మెట్లు ఎక్కించుకుంటాను, నాలుగు చీవాట్లు తింటాను, ఆ చీవాట్లనే మాట కింద రాసుకుని తాళం తీస్తాను.

ఇట్లు,
బస్సు టిక్కెట్టు కొనేసిన
తనిఖీదారు (రబ్బరు)

తా.క.: నాకు మోకాళ్ళ నొప్పులు. ఆ మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో కనుక్కుని చెప్పండి. ఆవిడ గీసినప్పుడు ఉండే ఉంటుంది. నేనే చెరిపేసి ఉంటాను.

* * *

తనిఖీదారు గారికి,

నమస్కారం.

మా ఆవిడ ఎనిమిది నెలల కిందట పోయారు. మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. ఈ వాక్యం రాయడం నాకు ఇదే మొదలు.

మీ మీద ఆమెకు కోపం లేదు. మీరు చెరిపేసిన రోజు ఇంట్లో సందడిగా ఉండేది. "రబ్బరు మళ్ళీ చెరిపేశాడండీ!" అని వంటగదిలోకి కేకేసి, వెంటనే చెప్పులు వేసుకునేవారు. మెట్ల దాకా నడిచి, ఉన్నాయని చూసుకుని, వచ్చి గీసేవారు. డాక్టరు రోజూ నడవమన్నాడు. నేను చెబితే నడిచేవారు కాదు. మీరు చెరిపితే నడిచేవారు.

నిన్న పిల్లలను తీసుకుని ఆ మెట్ల దగ్గరికి వెళ్ళాను. నేను వెళ్ళడం అదే మొదటిసారి. మెట్లు ఉన్నాయి. కమ్మీ ఎడమవైపు, సగం దాకా.

బావమరిది పిల్లలకు ముప్పై పేర్లు వేరే పెడుతున్నాడు. ఖాళీ కంప్యూటరు నుంచి కొత్త అచ్చు తీస్తాడు. ఆమె పేరు పోతుంది. ఆ గంట కూడా పోతుంది. అదే పద్ధతి.

పిల్లలు గీసింది వదలండి. "కాలినడక" పేరును మీ నియమం ప్రకారం మూసేయండి. మీరు రండి. బస్టాండుకు నేను వస్తాను.

ఇట్లు,
భూగోళం లెక్చరర్

తా.క.: ఆమె మిమ్మల్ని వాదనలో తప్ప ఎక్కడా "రబ్బరు" అనలేదు. భోజనాల దగ్గర "మా తనిఖీదారు" అనేవారు.

* * *

మాస్టారూ,

నమస్కారం. క్షేమంగా ఇల్లు చేరి రెండు వారాలైంది. మోకాళ్ళు ఇంకా దారిలో ఉన్నాయి.

ఎదురుగా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. ఆ మెట్ల మీద, కమ్మీ అయిపోయిన చోట, మీరు నాకు చెయ్యి అందించారు. అక్కడే కూర్చుని ఫోనులో తాళం తీశాను. ఆ పేరు ఎవరిదో వాళ్ళ మాట కావాలన్నాను కదా! "నేల మీద నడవండి" అన్న మాట రాసుకున్నాను. అది చాలు.

ఇక క్లాసు! గోడ మీద ఊరు వెలగగానే పిల్లలు చేసిన గోలకి పక్క గదిలో పాఠం ఆగిపోయింది. ఎవరి వీధి వాళ్ళు చూపించుకోవడం, ఎవరి ఇల్లు వంకరగా వచ్చిందో వెక్కిరించుకోవడం! ప్రిన్సిపాల్ గారు మాట్లాడటానికి లేచారు. సరిగ్గా అప్పుడే పదకొండైంది. ముప్పై గంటలు ఒక్కసారి మోగాయి. మీరు కిటికీ వైపు తిరిగిపోయారు కాబట్టి చూసి ఉండరు. ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసం ఆపి, జేబులో చెయ్యి పెట్టి, మాత్ర తీసి మింగారు. మింగాక, "చాలా ఉపయోగకరమైన సాఫ్ట్‌వేర్, కొనసాగించండి" అన్నారు.

గంట ఎందుకు పోలేదని మీ బావమరిదిని తిట్టకండి. ముందురోజు మీ ల్యాబుకు ఫోను చేసి అతన్ని అడిగింది నేనే. "పేర్లు మార్చు నాయనా, ఖాళీ కంప్యూటరు వద్దు, అక్కయ్య అచ్చే ఉంచు" అన్నాను. "నేనూ అదే అనుకున్నానండీ, బావకి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నా" అన్నాడు. ఆ అచ్చు ఒకటి నేనూ అడిగి తెచ్చుకున్నాను. ఎవరైనా తీసుకోవచ్చు, పంచుకోవచ్చని రాసింది మీరే కదా! మా సంఘంలో పంచాను. వాళ్ళు వాళ్ళ ఊళ్ళ కాలేజీలకు పంచారు. ఇప్పుడు మీకు తెలియని ఏడు ఊళ్ళలో, మీకు తెలియని మాస్టార్లను, పదకొండింటికి ఆవిడ మాత్ర అడుగుతున్నారు.

"కాలినడక" పేరు మూయలేదు. మెట్లు ఆవిడ గీసినవే తిరిగి పెట్టాను. ఎవరు గీశారు, ఎవరు ఎన్నిసార్లు చెరిపారు అన్నది ఎవరు నొక్కినా కనబడుతుంది. నా పరువు నలుగురిలో పోయింది. పోనీయండి, పడింది ఆవిడ నడవమన్న నేల మీదే.

ఇట్లు,
మీ తనిఖీదారు

తా.క.: ఒక ఊరి మాస్టారు "నాకు ఏ జబ్బూ లేదు, ఈ గంట గోలేమిటి?" అని మాకు ఫిర్యాదు రాశాడు. మర్నాడు ఎందుకైనా మంచిదని వెళ్ళి చూపించుకున్నాడట. బీపీ బయటపడింది. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. మీరు మాత్రం ఇంతవరకూ ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.

* * *

తనిఖీదారు గారికి,

నమస్కారం. ఉత్తరం అందింది.

వేసుకున్నాను.

ఇట్లు,
భూగోళం మాస్టారు

తా.క.: ముందు బెంచీ అమ్మాయి ఆ మెట్ల పక్కనే ఇంకో సందు ఉందని గీసింది. నిన్న మీరు చెరిపేశారు. ఇప్పుడే చెప్పులు వేసుకుంటోంది. నేనూ వెళ్తున్నాను.