ముందు పొట్టేలును చూస్తావు గదా

నల్లగొండ, మంగళవారం.

ఐలేశం అన్నా, నీ కోడలు స్నేహలత నా దగ్గర బాగానే ఉంది, ఫికరు వద్దు. కావాలనే కవరు కొనకుండా కార్డు మీద రాస్తున్నాను; పోస్టుమ్యాన్ చదివితే చదవనీ, ఊరికి తెలిస్తే మంచిదే.

నిన్న దవాఖానలో పిల్ల రక్తపరీక్ష కాగితం వచ్చింది. అండాల నిల్వ వయసుకు తగినంత లేదట. అది వినగానే వదిన అందరి ముందే, "ఇగ మా శివకృష్ణకు ఇంకో సంబంధం చూసుడే" అన్నది. పిల్ల తల వంచుకుంది. డాక్టరమ్మ ఊరుకోలేదు. "గీ కాగితం అండాలు ఎన్ని మిగిలినయో చెప్తది గంతే, పిల్లలు పుట్టరని గాదు. గోలీలతోనే కావచ్చు, లేకుంటే బయట పిండం చేసి లోపల పెడ్తం. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. మీ కొడుకు రిపోర్టు లేకుండ ఏ దారని చెప్పాలె?"

"మొగోనికేం పరీక్షమ్మా?" అన్నది వదిన. ఆరేండ్లుగా ఈ మాట వినీ వినీ అలసిపోయాను.

అన్నా, మందలో గొర్లు సూలు కట్టకపోతే నువ్వు ముందు పొట్టేలునే మారుస్తావు. ఏ గొర్రెనైనా తిట్టావా? నీ కొడుకును మార్చమనను, పరీక్ష చేయించమంటున్నాను.

వాణ్ణి వచ్చే సోమవారం దవాఖానకు పంపు. గుట్ట దేవుని మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు. కుంటే మేకకు మందు పూశారా? అవ్వ కంటి చుక్కలు ఉన్నాయా? వాడు వస్తూ స్నేహలత గొంగడి తేవాలి, ఇక్కడ చలి. వాడు రానంటే గొంగడి ఒక్కటే పంపు. పిల్ల నా దగ్గరే ఉంటుంది.

అవ్వకు దండాలు, చిన్నోళ్లకు దీవెనలు.

నీ చెల్లె సుగుణ