ఎడమ భుజం మీద నీటిచుక్క

విగ్రహాల గిడ్డంగి అధికారి గారికి,

డిగ్రీ పట్టా తప్ప వేరే పనేమీ లేని ఒక మనవడు అతి వినయంగా రాసుకుంటున్నది.

విదేశం నుంచి తిరిగొచ్చిన అమ్మవారి విగ్రహాలు ఐదున్నాయనీ, ఐదుగురూ అక్కచెల్లెళ్లలా ఒకే పోలికనీ, మా గుడిలో దొంగలెత్తుకుపోయిన అమ్మవారెవరో పాత ఫోటోతో రుజువు చేయకపోతే మ్యూజియానికి పంపేస్తామనీ రాశారు. న్యాయమే. కానీ మా దగ్గర ఫోటో లేదు. నానమ్మ ఉంది.

చిన్నతనంలో అమ్మవారికి రోజూ నీళ్లు పోసి తుడిచింది ఆవిడే. ఇప్పుడు చూపు ఆనదు. మధ్యాహ్నం కునుకులో మాత్రం పాత ఉద్యోగంలో చేరిపోతుంది. దిండును ఒళ్లో నిలబెట్టుకుని నుదురు, చెంపలు, వీపు కొంగుతో మెల్లగా తుడుస్తుంది. ఒక దిండుకి అంత మర్యాద జరగడం నేనెక్కడా చూడలేదు. ఎడమ భుజం దగ్గర ఆగి, కొంగు కొస మెలిపెట్టి అద్దుతుంది. రోజూ అక్కడే.

నిన్న మెలకువ వచ్చాక అడిగాను. "అక్కడేముందే నానమ్మా?"

"జడ ఆనే చోట చిన్న గుంటరా. ఎంత తుడిచినా అందులో ఓ చుక్క మిగిలిపోతుంది."

"మిగిలితే ఏం?"

"నీ భుజం తడిగా వదిలేస్తే తెలుస్తుంది, వెధవా."

కాబట్టి అయ్యా, ఐదుగురికీ తలా ఒక చెంబు నీళ్లు పోసి, తుడిచి చూడండి. ఎవరి భుజం మీదైనా చుక్క నిలిస్తే దాన్ని అద్దకండి, నానమ్మను వెంటబెట్టుకొస్తాను. ఎవరి మీదా నిలవకపోతే ఆ మాట ఉత్తరంలోనే రాయండి, ఫోన్ చేయకండి. ఇంట్లో ఉత్తరాలు చదివి వినిపించేది నేనే. ఏం వినిపించాలో నేను చూసుకుంటాను.