నొక్కితే కనిపించని ఎరుపు

ఫిబ్రవరి 4, బుధవారం

గోలీల రోజు. వారానికి ఒక్క రోజే, ఆరు గోలీలు. అన్నం తినగానే మా ఆయన నా అరచేతిలో పోసి, షాపుకు ఆలస్యమైందని చెప్పులు వెతుక్కుంటున్నాడు. రెండు మింగాను. నాలుగు కొంగులోకి... అక్కడి నుంచి రబ్బరు ముక్కల డబ్బాలోకి. రంగులో ముంచే ముందు దారాలకు చిటికి కట్టడానికి సైకిల్ ట్యూబులు కోసి పెట్టుకున్న డబ్బా అది. నేను తప్ప ఎవరూ ముట్టరు.

రెండో నెల ఇట్లా. నాకేం సిగ్గు లేదు. "ఇది క్యాన్సరోళ్ళకు గూడ ఇస్తరమ్మా" అని మందుల షాపాయనే నోరు జారాడు. కీళ్ళవాతానికి ఆ మందెందుకు? పోయినసారి నన్ను బయట కూర్చోబెట్టి డాక్టర్ మేడం, మా ఆయన పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఏదో దాస్తున్నారు.

ఫిబ్రవరి 9, సోమవారం

చేతులకు స్కాన్, ఎక్స్‌రే. దిల్‌సుఖ్‌నగర్‌లో, మేడం రాసిచ్చిన చోటే. "మందు పనిచేస్తోందో లేదో బొమ్మలో తెలిసిపోతుందండీ, మీరు చెప్పక్కర్లేదు" అంటుంది. నేనెందుకు చెప్పక్కర్లేదు? చెయ్యి నాది కాదా?

అక్కడి అమ్మాయి జెల్ పూసి, మిషన్ ముక్కను కణుపుల మీద ఆనీ ఆననట్టు పెట్టింది. తెరంతా బూడిద రంగు, మధ్యలో ఎర్ర చుక్కలు మిణుకుమంటున్నాయి.

"ఏందమ్మా ఆ ఎరుపు?"

"వాపున్న కాడ రక్తం ఎక్కువ పారుతది ఆంటీ. గదే."

నవ్వుతూనే చెప్పింది. అందరూ నవ్వుతూనే చెబుతారు.

ఫిబ్రవరి 10, మంగళవారం

మందు మొదలుపెట్టక ముందు తీసిన బొమ్మలో కన్నా ఎరుపు పెరిగిందట. ఎక్స్‌రేలో కుడి చూపుడువేలి మొదట్లో ఎముక అంచు కొంచెం తొలిచినట్టుందట. మేడం రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఈ డోసుకి ఇంత పెరగకూడదే... పోయిన ఎముక తిరిగి రాదండీ. ఇలాగే సాగితే వేళ్ళు వంకర పోతాయి." ఇంజెక్షన్ గురించి ఆలోచించుకుని వచ్చే మంగళవారం రమ్మంది.

అక్కడుంది అసలు సంగతి! ఇంజెక్షన్ అంటగట్టాలంటే ముందు ఎరుపు చూపించాలి. సెంటరు వాళ్ళు, మేడం అంతా ఒకటే.

కానీ కుడిచెయ్యి అంది. పోచంపల్లిలో పెళ్ళి కాకముందు నుంచీ ఈ చేత్తోనే చిటికి కడుతున్నాను. ఇది పోతే నేనేం మనిషిని?

ఫిబ్రవరి 11, బుధవారం

రెండే.

ఫిబ్రవరి 13, శుక్రవారం

అక్క దగ్గరికని చెప్పి మెట్రో ఎక్కాను. మలక్‌పేటలో దిగి, కనబడిన మొదటి స్కాన్ సెంటర్‌లో దూరాను. మేడం పేరు కనబడకుండా చీటీ మడిచి చూపించాను. "ఎవరు పంపిన్రు?" అంటే "నేనే ఒచ్చిన" అన్నాను.

అక్కడ స్కాన్ తీసేవాడు మొరటు మనిషి. మిషన్ ముక్కను కణుపులకు అదిమి పట్టాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ తెర మీద ఒక్క ఎర్ర చుక్క లేదు! రిపోర్టులోనూ అదే రాశాడు. దొరికారు దొంగలు. తిరుగు మెట్రోలో ఎల్బీ నగర్ దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

ఫిబ్రవరి 14, శనివారం

రిపోర్టు ఆయనకు చూపించాను. తిడతాడనుకుంటే ముఖం వెలిగిపోయింది. "తగ్గింది గద! గోలీలు పనిచేస్తున్నయ్! నేన్ జెప్తనే ఉన్న." సాయంత్రం మిర్చి బజ్జీలు తెచ్చాడు. ఏ గోలీలు పనిచేస్తున్నాయి? డబ్బాలో ఉన్నవా?

ఫిబ్రవరి 16, సోమవారం

పొద్దున చిటికి కట్టడానికి కూర్చున్నాను. రబ్బరు ముక్క దారాలకు చుట్టి బిగిస్తున్నాను. గట్టిగా బిగించిన చోట రంగు దిగదు, తెల్లగా ఉండిపోతుంది. వదులైతే ఎరుపు పాకుతుంది. బుద్ధి తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పనే... చెయ్యి ఆగిపోయింది.

వాచిన కణుపును బొటనవేలితో అదిమి పట్టాను. తెల్లబడింది. వదిలాను. ఎరుపు మళ్ళీ వచ్చింది.

అదిమాను. వదిలాను. ఎన్నిసార్లు చేశానో.

మలక్‌పేట ఆయన నొక్కిపట్టి చూశాడు. నెత్తురు పారనిస్తే కదా కనబడడానికి. దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయిదే నిజం బొమ్మ. నా వేలి ఎముకను ఇంకెవరో కాదు, నేనే కొరుక్కుతింటున్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

మేడం మలక్‌పేట రిపోర్టు చూసి, "గట్టిగా నొక్కినట్టున్నారు, ఇది లెక్కలోకి రాదు" అని పక్కన పెట్టేసింది. తర్వాత నన్నే చూస్తూ, "మాత్రలు పూర్తిగా వేసుకుంటున్నారా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన... "ఆరుకు ఆరు మేడం. నా చేత్తోనే ఇస్త."

"అయితే మందు పనిచేయనట్టే. ఇంజెక్షన్‌కి వెళ్దామండీ." ముందు చేయించాల్సిన రక్తపరీక్షలు రాసింది. సోమవారం ఆ రిపోర్టులతో రమ్మంది. చీటీ సంచిలో పెట్టుకుని లేచాను.

మెట్ల మీద అడిగేశాను. "నన్ను బయట కూసోబెట్టి ఏం మాట్లాడిన్రు ఆ దినం? నాకు క్యాన్సరా?"

ఆయన బిత్తరపోయాడు. "క్యాన్సరేంది? నీతోని చిటికి పని మాన్పియ్యమన్నది. నీకెట్ల జెప్పాల్నో తెల్వక... ఊకున్న."

ఇంతేనా. ఇంతేనా దాచింది?

ఫిబ్రవరి 18, బుధవారం

చెప్పేశాను. అన్నం ముందు, డబ్బా తెచ్చి ఆయన ముందు బోర్లించాను. రబ్బరు ముక్కల్లో గోలీలు. ఆయన ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టాడు. తిడితే బాగుండేది.

ఆఖరిది పెట్టి, "మేడంకు నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

ఎముక కొంచెం పోయిందన్నది. ఆ కొంచెంలో నా వాటా ఎంతో మేడంను అడగాలి... అడిగే ధైర్యం లేదు. సోమవారానికి ఇంకా ఐదు రోజులుంది.

తిన్నాక కొత్త గోలీల పట్టీలోంచి ఆరు తీసి చేతిలో పోశాడు. ఆరూ మింగాను. ఆయన షాపుకు పోలేదు. నా ముందే నిలబడ్డాడు.

"నోరు తెరువ్."

తెరిచాను. ఫోన్ లైటు వేశాడు.

"నాలుక లేపు."