తెలుగులో రాసిన అట్ట

సగమే చెప్పావు, వాల్ట్ తాతా. గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో నా పక్కన నిలబడి, "వియత్నాం యుద్ధం నుంచొచ్చి మేం రోడ్డెక్కి అరిచాం. కుర్రాళ్లని బలవంతంగా యుద్ధానికి పంపడం ఆపించాం. మీరూ అరవండ్రా" అన్నావు.

నువ్వు పోయి ఏడాదైంది. మళ్లీ ఇంకో యుద్ధం మొదలైంది. నీ మాట నేను చెబితే మా చెల్లి స్రవంతి మాస్క్ పెట్టుకుని క్యాంపస్‌లో ధర్నాకెళ్లింది. అట్ట మీద "ఈ యుద్ధం ఆపండి" అని తెలుగులోనే రాసుకుంది. "ఇక్కడెవడు చదువుతాడన్నయ్యా, సేఫ్" అంది.

మా తెలుగువాళ్లే చదివారు. "ఎవరి పిల్లరా ఇది?" అంటూ ఫొటోని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి పేరు బయటపెట్టారు. ఎవడో ఫిర్యాదు చేశాడు. చెల్లి స్టూడెంట్ వీసా క్యాన్సిల్ అయింది.

నువ్వు అరిచాక ఇంటికెళ్లి పడుకున్నావు. నీ ఇల్లు ఈ దేశంలోనే ఉంది. మరి మేమెక్కడికెళ్లాలి?

శుక్రవారం సాయంత్రం దాని ఫ్లైట్. ఆలోపు మిగతా సగం చెప్పు.