గడ్డి పట్టీలో తవ్వకం

అయ్యా,

వాగు పక్కనున్న మా గడ్డి పట్టీని ఎందుకు తవ్వారో సంజాయిషీ ఇమ్మని మీ నోటీసు వచ్చింది. పదేళ్ళు దున్నకుండా వదిలేస్తే సాయం ఇస్తామని మీ ఆఫీసు రాయించుకున్న నేల అది. తవ్వించింది నేనే. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పైనుంచి తీసిన మీ ఫొటోలో ఇంకా పెద్దగా కనబడితే, అది పక్కన పోసిన మట్టి.

ఒప్పందం మీద సంతకం మా ఆయనది. నాలుగేళ్ళపాటు మా మేకల్ని కూడా అందులో అడుగు పెట్టనివ్వలేదు. ఆస్పత్రిలో ఉండగా, "నన్ను అక్కడే పెట్టు. అక్కడైతే ఎవరూ దున్నరు" అన్నారు. ముందుగా మీ అనుమతి తీసుకోవాలని నాకు తోచలేదు. పొరపాటు నాదే.

గడ్డి మళ్ళీ మొలిచింది. ఈ ఏడాది సాయం ఆపేసినా నేనేమీ అనను. మీ నోటీసుతో వచ్చిన కాగితంలో, నేలను ఎప్పటిలోగా మునుపటిలా చేస్తారన్న గడి మాత్రం ఖాళీగా వదిలాను.

ఒప్పందం గడువు ఇంకా ఆరేళ్ళుంది. "అది తీరగానే ట్రాక్టర్ తెస్తా వదినా, ఎన్నాళ్ళని బీడు పెడతాం" అని మా మరిది ఇప్పుడే అంటున్నాడు. గడువు పెంచే ఫారం ఏదైనా ఉంటే పంపించండి. సంతకం నేను పెడతాను.

ఇట్లు,
ఆ రైతు భార్య