జొన్నల డబ్బాలో బిళ్ళలు

సల్కా,

సంతకి వెళ్తున్నాను. దుమ్ము గాలి ఆగేదాకా తలుపు తీయకు. నీ ఆయాసం బిళ్ళలు జొన్నల డబ్బాలో దాచాను. గంజి తాగాకే రెండు వేసుకో. ఊపిరి బాగానే ఆడుతోంది కదా అని మానెయ్యకు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.

మీ మేనత్త తెక్బెర్ వస్తుంది. "ఒళ్ళు చేశావే, పెళ్ళికళ వచ్చేసింది. ఆ బిళ్ళలు మా పిల్లకీ నాలుగు ఇవ్వు, బక్కపిల్లని ఎవరు చేసుకుంటారు" అంటుంది. మూడు గ్లాసుల టీ ఇచ్చి పంపు. బిళ్ళ మాత్రం ఒక్కటీ ఇవ్వకు. అలిగితే అలగనీ.

మీ అక్క మెయిమూనాకి ఒళ్ళు రావాలని ఇవే బిళ్ళలు మూడు నెలలు మింగించాం. పెళ్ళయ్యాక ఇంకెందుకులే అని ఒక్కసారిగా మాన్పించాం. నాలుగో రోజు వాంతులు చేసుకుని పడిపోయింది, మళ్ళీ లేవలేదు. అందరూ మీ మేనత్త దిష్టి తగిలిందన్నారు. ఆ బిళ్ళలు బజారులో కొన్నది నేను. ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు.

ఒంటె పాలు మూత పెట్టి ఉన్నాయి, తాగు.

అమ్మ

మరో మాట. నిన్న నీ నిండు బుగ్గలు చూసి "మెయిమూనా" అని పిలిచాను. నువ్వు "ఏంటమ్మా" అన్నావు. మళ్ళీ అలా పిలిస్తే పలకకు.