మణి సైకిలు వెనక బ్రేకు

డిసెంబర్ 9, హిందూపురం

రెండు సైకిళ్ళూ విప్పి, తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ బిగించాను. మా ఆవిడ మణి సైకిలుకు కొత్త బ్రేకు రబ్బర్లు వేశాను. వెనక చక్రం పైకెత్తి తిప్పితే ఎంతసేపటికీ ఆగదే! ముప్పై ఏళ్ళుగా సైకిలు షాపులో కూర్చున్నవాణ్ణి. చక్రం నాకు అబద్ధం చెప్పదు. మనుషుల సంగతే...

ఈసారి గండికోట. ఆ మాట మణి నోట్లోంచి వచ్చింది, అదే నా అనుమానం. ప్రతి చలికాలం నేను పదిసార్లు బతిమాలితే, కుట్టు మిషను మీంచి తల ఎత్తకుండా "చూద్దాంలే" అనే మనిషి. పావగడకు అట్లాగే ఈడ్చుకుపోయాను, పోయినేడు కదిరికి అట్లాగే. ఈ ఏడు తనంతట తనే — "గండికోటకు పోదాంపా. ఈ చలికాలమే పోవల్ల." ఈ చలికాలమే ఎందుకు? వచ్చే ఏటికి గండికోట లేచి ఎక్కడికైనా పోతుందా?

పోయిన నెల గుండె డాక్టరు దగ్గరికి పోయాం, నా కోసమే. నాకు ఎడమ పక్క నొప్పి. గ్యాసు అన్నాడు. లేచి వస్తుంటే మణి — "నువ్వు బయట కూచోనుండప్పా, నేనొస్తా." తలుపు వేశారు. బెంచీ మీద అరగంట కూర్చున్నాను. ఏం మాట్లాడారే అంటే "ఆడోళ్ళ సంగతులు" అంది. గుండె డాక్టరు దగ్గర ఆడోళ్ళ సంగతులేమిటి? నా గురించే. నాకు చెప్పని మాట ఏదో ఆమెకు చెప్పాడు.

డిసెంబర్ 10

కూరలో ఉప్పు లేదు. ఊరగాయ జాడీ అటకెక్కింది. "యాభై దాటినోళ్ళకు ఉప్పెందుకు?" అంటుంది. నిన్నటిదాకా మేము యాభై దాటినవాళ్ళం కామా!

డిసెంబర్ 11

షాపులో కూర్చుని నాడి పట్టుకుని చూసుకున్నాను. కొట్టుకుంటోంది. అంతకు మించి నాకేం తెలుస్తుంది.

డిసెంబర్ 12, పెనుకొండ

ఆరింటికి బయలుదేరాం. గుడి మైకులో పాటలు మోగుతున్నాయి, మనుషులు మాత్రం ఒక్కరూ బయటికి రాలేదు. ఏం చలి! హ్యాండిలు పట్టుకుంటే వేళ్ళు నావి కానట్టున్నాయి. మంచులో పది బారల అవతల రోడ్డు లేదు. మణికి మంకీ క్యాపు, దాని మీద శాలువా, నా పాత స్వెట్టరు. క్యారియరు సంచులు తను కుట్టినవే. రెక్సిను సంచులు, మంచు నీళ్ళు ఒక్క బొట్టు దిగలేదు. చేతి పని మాత్రం మెచ్చుకోవాలి.

సోమందేపల్లి దాకా నేను ముందు, తను వెనక. ఇది ఎప్పుడూ లేదు. పోయినేడు కదిరి రోడ్డులో నన్ను దాటేసి, బెల్లు కొట్టి, వెనక్కి తిరిగి నాలుక చూపించిన మనిషి! ఈ రోజు నాలుగుసార్లు ఆగాను. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట — "నిదానంగా తొక్కు, ఎవురు తరుముకొస్తాండారు?"

టీ అంగడతను మా ఇద్దర్నీ, సైకిళ్ళనూ ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, మీ ఊర్లో బస్సులు లేవా?"

"ఉండాయన్నా. సైకిళ్ళు కూడా ఉండాయి" అంది మణి. నవ్వబోయి దగ్గింది. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని నా ఎదురొమ్ము వైపే చూస్తోంది. నేను అటు తిరిగి కూర్చున్నాను.

సాయంత్రం —

లాడ్జి వరండాలో సైకిళ్ళు పెడుతుంటే చెవిన పడింది. స్స్... స్స్... మణి సైకిలు వెనక చక్రం. ఎత్తి తిప్పాను. రెండు చుట్లకే ఆగిపోయింది! కొత్త రబ్బర్లు రెండూ రిమ్మును కరుచుకుని ఉన్నాయి. నేను బిగించిన బ్రేకు అది. అట్లా దానంతటది బిగుసుకోదు. పనిముట్ల సంచి విప్పి చూస్తే పదో నంబరు స్పానరు నేను పెట్టే అరలో లేదు, పక్క అరలో ఉంది.

మణి బిగించింది. స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని మణి. అంత దూరం ఆ బ్రేకును ఈడ్చుకుంటూ తొక్కింది.

ఎందుకు? చాలాసేపు ఆలోచించాను. ఒక్కటే దారి కనిపిస్తోంది. ఆమె మెల్లగా వస్తే ఆమె కోసం నేనూ మెల్లగా పోతాను. నేరుగా చెబితే నాకు రోషం. "మీ ఆయన్ని ఆయాసపడనీయొద్దు" అని ఆ డాక్టరు చెప్పి ఉంటాడు. గండికోట కూడా అందుకే... పోయేలోపు ఒక్కసారి చూపించాలని.

భయమేసింది. ఇక్కడ రాసుకుంటున్నాను, ఎవరితోనూ అనను. బ్రేకు ముట్టుకోలేదు. తెలిసినట్టు కనపడనివ్వలేదు.

డిసెంబర్ 13, పెనుకొండ

కొండెక్కుదామంటే వద్దంది. "చలిగా ఉండాది. కిందినుంచీ కనపడతాంది కదా, సాలదా?" ఇంతకు ముందు వచ్చినప్పుడు ఈ కోట మెట్ల మీద నా చెయ్యి పట్టి లాగింది తనే. రుజువుల మీద రుజువులు.

స్నానానికి పోయినప్పుడు ఆమె సంచి చూశాను. తప్పే. చూశాను. చీర మడతలో మాత్రల అట్ట. ఏడు మిగిలున్నాయి. పేరు చీటీ మీద రాసుకుని వీధి చివర మందుల షాపులో చూపించాను.

"గుండెకు ఇది, అన్నా. ఎవురికి?"

"నాకే."

"బరువులెత్తొద్దు, ఎత్తులెక్కొద్దు. సైకిలు గియికిలు తొక్కుతావా?"

లేదన్నాను. సైకిలు మీదే పోయాను, దూరంగా గోడకు ఆనించి వచ్చాను కాబట్టి అతనికి తెలియదు. ఈ మాత్రలు నేనెప్పుడు మింగాను? నాకెవరూ ఇవ్వలేదే. అప్పుడు తట్టింది — రాగిజావ! పొద్దున్నే లాడ్జి వంటగదిలో అడిగి కాచుకొచ్చి, మజ్జిగ, ఉల్లిపాయలు వేసి ఫ్లాస్కులో నాకే పోస్తుంది. తను తాగదు. నలిపి అందులో కలుపుతోంది.

ముప్పై ఏళ్ళ కాపురం చేసి, మాత్ర దొంగచాటుగా తాగించే పరిస్థితి తెచ్చుకున్నానన్నమాట. కోపం ఎవరి మీదో కూడా తెలియడం లేదు.

డిసెంబర్ 14

జావ పెరట్లో పారబోశాను. మంచి వాసన. కడుపు కాలింది.

బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాను. టీ కూడా నేనే తెచ్చుకున్నాను. ఈ రోజు ఆమె చేత్తో ఏదీ ముట్టలేదు. "కడుపు బాలేదా?" అంది. బాగుందన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు దొంగచూపులు చూసుకుంటూ కూర్చున్నాం. రేపు పోదాం, ఈ రోజుకు ఉందాం అంది. సరే అన్నాను, నేను రోగిని కదా.

డిసెంబర్ 15, ధర్మవరం

ఎక్కడ మొదలుపెట్టాలి...

పొద్దున ఆమె కిందికి దిగేలోపు బ్రేకు వదులు చేశాను. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య నా వేలు దూరేంత సందు. చక్రం తిప్పితే మళ్ళీ షాపులో తిరిగినట్టే. ఇప్పుడు నటించు చూద్దాం అనుకున్నాను. దొరికించుకోవాలని నాకు ఎంత సంబరమో! రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఊరు దాటి మొదటి ఎత్తు రాగానే గట్టిగా తొక్కాను. వెనక్కి చూడలేదు. పైకెళ్ళాక రోడ్డు పక్కన మోరీ గోడ మీద కూర్చున్నాను. నాకు ఆయాసం లేదు. నొప్పి లేదు. మంచులోంచి గొర్రెలు వచ్చాయి, కాపరి వచ్చాడు, మణి రాలేదు.

కాపరి కంబళి కిందినుంచి చెయ్యి తీసి వెనక్కి చూపించాడు. "ఆయమ్మ మీ మనిషేనా? యాలప్పా అట్ల వదిలేసొచ్చినావు?"

సైకిలు తోసుకుంటూ వస్తోంది. నాలుగు అడుగులు వేసి ఆగుతోంది, సీటు మీద వాలుతోంది, మళ్ళీ నాలుగడుగులు. ఎదురు పరిగెత్తాను. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నన్ను చూసి నవ్వింది. ఊపిరి అందాక అన్న మాట —

"ఈ సైకిలుకేమొచ్చిందో చూడప్పా. బ్రేకు పట్టుకుంటాండాది."

వెనక చక్రం ఎత్తి తిప్పాను. తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆగేలోపు ఆమె తల వంచుకుంది.

తర్వాత దారంతా నడక. పల్లం వస్తే ఎక్కడం, ఎత్తు వస్తే దిగి తోయడం. ఎత్తుల్లో ఆమె సైకిలు కూడా నేనే తోశాను. నిమిషానికోసారి ఆమె వైపు చూస్తుంటే "రోడ్డు చూసి నడువు" అని కసిరింది. ధర్మవరం చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

గదిలోకి రాగానే సంచిలోంచి అట్ట నేనే తీశాను. ఏడు ఐదయ్యాయి. రెండు రోజులుగా నేను జావ తాగలేదు.

"ఇవి ఎవరివే?"

మంచం అంచున కూర్చుని చాలాసేపు స్వెట్టరు బొత్తాలు విప్పింది. పెట్టుకుంది. విప్పింది.

"నావే. నీది అయినాక నన్నూ చూడమంటి. మెట్లెక్కితే ఊపిరాడకుండా వస్తాందని. వాల్వు సరిగ్గా మూసుకోదంట. బెంగుళూరికి పోయి చూపిచ్చుకోవల్లంట."

"ఎప్పుడు పొమ్మన్నాడు?"

"అప్పుడే."

"సైకిలు?"

"వద్దనె."

అరిచాను. పక్క గదివాళ్ళు తలుపు తీసి చూసేంతగా అరిచాను. బుద్ధుందా నీకు అన్నాను, చంపుతావా నన్ను అన్నాను. చచ్చేది తనైతే నన్ను చంపుతావా అన్నానని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. చివరికి అడిగాను — మరి బ్రేకు ఎందుకు బిగించావు?

"నువ్వు సైకిలు చూస్తావు గానీ నా మొగం యాడ చూస్తావు? నేను ఎనకబడితే మొదట చక్రమే ఎత్తి తిప్పుతావు. దాంట్లో ఏదో ఒకటి ఉండల్ల కదా నీకు."

అంతే. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు.

డిసెంబర్ 16, ధర్మవరం

ఇక్కడినుంచి బెంగుళూరుకు రైళ్ళున్నాయి. పోదామన్నాను. సైకిళ్ళు లాడ్జిలో పెట్టి పోదాం, తర్వాత వచ్చి తీసుకుపోతాను అన్నాను.

"గండికోట చూసినాక."

"పిచ్చా నీకు? నిన్న ఒక్క ఎత్తుకే..."

"అందుకే గదా. బెంగుళూరికి పోయినానంటే కోస్తారో, పండుకోబెడతారో! మళ్ళ సైకిలెక్కనిస్తారా? రోగం ఉండాదని తెలిసినాక నువ్వు మాత్రం ఎక్కనిస్తావా? పేషెంటు పేషెంటు అని కూచోబెడతావు."

ఎక్కనివ్వను. నిజమే. అందుకే మళ్ళీ అరిచాను. బస్సులో గండికోటకు పోదాం అని కూడా చెప్పి చూశాను. "బస్సులో యెవురైనా పోతారు" అంది, గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం లేచి మాత్ర నా ఎదుటే వేసుకుంది. నోరు తెరిచి నాలుక చూపించింది. "చూసుకో, దొంగతనం లేదు ఇంక." నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. జావలో ఏం కలిపావని అనుకున్నానో చెప్పాను. పడీ పడీ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. చేతి కింద ఆ గుండె ఎట్లా కొట్టుకుంటోందో... సైకిలైతే విప్పి చూసేవాణ్ణి.

సాయంత్రం బజారులో ఒక కంబళి కొన్నాను. రైల్లో చలి ఉంటుందని. "రేపు పొద్దున పోదాం" అన్నాను. "సరే పోదాం" అంది.

ఎక్కడికో అడగలేదు. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని లోపల పురుగు తొలుస్తోంది. కానీ ఇన్ని రోజులూ అనుమానాలన్నీ తప్పు వైపే పోయాయి కదా. నా అనుమానాన్ని నేనే నమ్మడం మానేశాను.

డిసెంబర్ 17

లేచేసరికి ఆరున్నర. పక్కన లేదు. కొత్త కంబళి నా మీద కప్పి ఉంది.

కిందికి పరిగెత్తాను. ఒక్క సైకిలే ఉంది. నాది.

వాచ్‌మన్ మంట ముందర చలి కాచుకుంటున్నాడు. "అమ్మ తెల్లారకముందే పాయె స్వామీ. ఆయప్పను నిదానంగా రమ్మని చెప్పు అనె."

"యాడికి రమ్మనింది?"

"అది చెప్పలే."

గేటు దాటితే ఎడమకు స్టేషను, కుడికి గండికోటకు పోయే తాడిపత్రి రోడ్డు. ఎటు తిరిగిందని అడిగితే మంచులో ఏం కనపడుతుంది అన్నాడు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. తొక్కేటప్పుడు ఎత్తదు. స్టేషనులో కూర్చుని ఉన్నా కోపంతో ఎత్తకపోవచ్చు. నా కళ్ళ ముందు ఆయాసపడటం ఇష్టం లేక ముందే బయలుదేరి ఉండవచ్చు. మాత్రల అట్ట గదిలో లేదు. తీసుకుపోయింది, అదొక్కటే ధైర్యం.

మళ్ళీ వాచ్‌మన్ దగ్గరికి పోయాను. మొగం ఎట్లుండె అని అడిగాను. పెదాలు ఎట్లున్నాయి, ఊపిరి ఎగదీస్తోందా, నవ్విందా?

అతను నన్ను వింతగా చూశాడు. "మంకీ క్యాపు ఏసుకోనుండె స్వామీ. మొగం నాకేం తెలుస్తాది?"

తొందరగా రాస్తున్నాను. తాడిపత్రి రోడ్డే అనిపిస్తోంది. స్టేషనైతే... స్టేషనులో ఉంటే కూర్చుని ఉంటుంది, ఆమెకేం కాదు. రోడ్డు మీద ఉంటే ఒంటరిగా ఉంది. కుడికే పోతున్నాను.